నీళ్ళు బాగున్నాయంటే చాలదు - ఏమేమి పరీక్షించారో అడగాలి

(మా గ్రామీణ విలేఖరి)

తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా వున్న చిత్తూరు జిల్లా పల్లె అది. మంచినీటి కుళాయి దగ్గర బిందెలు వరుసలో వున్నాయి. నీటి పరీక్షలో శిక్షణ పొందిన మహిళా సంఘం సభ్యురాలు ఒకామె చిన్న గాజు గొట్టంలో నీరు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్ట మీది రంగులతో సరిచూసి కాగితం మీద వ్రాసుకున్నది. "ఫ్లోరైడు ఫరవాలేదు. నైట్రేటు ఫరవాలేదు. క్లోరిన్ సరిపోయింది. నీళ్ళు బాగుండాయి" అని చెప్పింది.

పక్కన నిలబడి చూస్తున్న వృద్ధ రైతు ఒకరు "ఏం పాపా, క్రోమియం చూసే మందు వుందా ఆ పెట్టెలో?" అని అడిగారు.

"లేదు పెదనాయనా, అది మా పెట్టెలో రాదు" అన్నది ఆమె.

ఆమె ఉన్నమాట చెప్పింది. ఆమె పని ఆమె సక్రమంగానే చేసింది. లోపం ఆమెది కాదు. నీళ్ళు బాగున్నాయి అన్న ఒక్క మాటతో తృప్తి పడి, ఏమేమి చూసి ఆ మాట చెప్పారో అడగని మనందరిది.

అడగడానికి కారణం

ఆ రైతు ఊరికే అడగలేదు. ఆయన చెల్లెలిని పాలారు ఒడ్డున వాలాజా వైపు ఇచ్చారు. అక్కడి బావుల సంగతి ఆయన కళ్ళారా చూసినదే. పైగా నిరుడు ఈ ఊరి చెరువు కట్ట వెనుక ఒక రాత్రి రెండు లారీల సరుకు ఎవరో పారబోసి పోయారు. తెల్లవారి చూస్తే నీలిరంగు తోలు పొట్టు, ముక్కలు. పశువులు మూతి పెట్టలేదు. కొందరు కుర్రవాళ్ళు దోమలు పోతాయని దానికి నిప్పు పెట్టారు. ఆ చోటికి పంచాయతీ బోరు కనుచూపు దూరంలో వుంది. ఊరివారు నీటి పరీక్ష కోరారు. చీటీ వచ్చింది. త్రాగుటకు యోగ్యము అని వుంది. ఆ చీటీలో చూసిన అంశాల పట్టిక అంతా వెదికితే క్రోమియం పేరు ఎక్కడా లేదు!

ఇటువంటి చీటీని చూసి ధైర్యం తెచ్చుకోవడం, కళ్ళ డాక్టరు ఇచ్చిన చీటీ చూసి గుండె బాగున్నదనుకోవడం వంటిదే.

రాణిపేట చెప్పే పాఠం

కర్నూలు నుండి కడప, చిత్తూరు మీదుగా సాగే 40వ నంబరు జాతీయ రహదారి చివరి మజిలీ రాణిపేట. ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, తరువాత వేలూరు జిల్లాలో వుండి, 2019లో తానే జిల్లా కేంద్రమయింది. మన వారికి అక్కడ బంధుత్వాలు, వ్యాపారాలు వున్నాయి. తోళ్ళ పరిశ్రమకు ఆ ప్రాంతం పెట్టింది పేరు.

వెనుకటి రోజులలో తోళ్ళను తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనేవారు. దానికి వారాలు పట్టేది. క్రోమియం ఉప్పు వచ్చాక ఆ పని గంటలలోకి, రోజులలోకి దిగింది. తోలు మెత్తగా, నీలంగా తయారవుతుంది. విదేశాలలో గిరాకీ పెరిగింది. ఆ క్రోమియం రసాయనాలను తయారు చేయడానికి రాణిపేటలో 1970 దశకంలో ఒక కర్మాగారం నెలకొన్నది. పేరు తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్. దాదాపు రెండు దశాబ్దాలు నడిచి, 1990 దశకం మధ్యలో మూతపడింది. యంత్రాలు ఆగిపోయాయి గాని, ఆవరణలో పోసిన చెత్త గుట్ట అక్కడే మిగిలింది. అది లక్షన్నర టన్నులకు పైమాటే.

ఆ గుట్ట మీద పడిన ప్రతి వానా కొంత క్రోమియాన్ని కరిగించుకుని భూమిలోకి దిగింది. అక్కడిది మన ప్రాంతంలో వున్నటువంటి రాతి నేలే. నీరు రాతి పగుళ్ళ వెంట నడుస్తుంది. పగులు ఎటు వుంటే విషం అటు. అందువల్లనే ఒక బావి చెడిపోయి, దాని ప్రక్క బావి బాగుండవచ్చు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు సైతం అక్కడి భూగర్భజలాన్ని పరిశీలించారు. క్రోమియం హద్దులను ఎన్నో రెట్లు మించిన నమూనాలు దొరికాయి. 2006లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలో అతిగా కలుషితమైన పది ప్రదేశాల జాబితా ప్రకటించినపుడు అందులో రాణిపేట పేరు చేరింది.

ఇది ఒక్క రాణిపేట గొడవ కాదు. ఉత్తరప్రదేశ్‌లో కాన్పూరు వద్ద రనియాలో ఇటువంటి గుట్టలే పేరుకుపోయాయి. ఒడిషాలో క్రోమైట్ గనులున్న సుకిందా లోయదీ ఇదే బాధ.

పాలారు మన కుప్పం ప్రాంతం గుండా ప్రవహించి తమిళనాడులోకి పోతుంది. మన జిల్లా నీటిని తీసుకుపోయే పొన్నై నదీ పాలారులోనే కలుస్తుంది. అంటే నీరు ఇక్కడి నుండి అక్కడికి పోతుందే గాని, రాణిపేట విషం ఎదురెక్కి మన బావులలోకి రాదు. ఈ మాట స్పష్టంగా చెప్పుకోవాలి, లేనిపోని భయాలు పెట్టరాదు. కాని నీటికి వున్న వాలు లారీకి లేదు. తోలు వ్యర్థాలు లారీ ఎక్కితే ఎటు కావాలంటే అటు వస్తాయి. చెరువు కట్ట వెనుక జరిగింది అదే.

ఒకే పేరు, రెండు గుణాలు

క్రోమియంలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. శాస్త్రజ్ఞులు ఒకదానిని క్రోమియం-3 అని, రెండవదానిని క్రోమియం-6 అని అంటారు. మొదటిది నీటిలో అంతగా కరగదు, మట్టికి అంటుకుని ఆగిపోతుంది, హాని కూడా తక్కువ. రెండవది సులభంగా కరిగి నీటితో పాటు దూరం పోతుంది. అపాయకరమైనది ఇదే.

తోళ్ళు ఊనడానికి వాడేది క్రోమియం-3. కనుక నీలి పొట్టు కనిపించగానే ఊరు ఖాళీ చేయవలసిన పని లేదు. అయితే ఆ పొట్టును గాలిలో కాల్చినపుడు అందులో కొంత క్రోమియం-6గా మారుతుంది. దోమలు పోతాయని నిప్పు పెట్టిన కుర్రవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలియజెప్పిన వారూ లేరు. ఆ బూడిద వానకు కొట్టుకుపోయి ఎక్కడ ఇంకిందో చూడవలసిన అవసరం అందువల్లనే వచ్చింది. రాణిపేట గుట్టలో వున్నది కూడా ప్రధానంగా ఈ రెండవ రకపు బెడదే. క్రోమైట్ రాయిని సోడాతో కలిపి కొలిమిలో కాల్చి క్రోమేటు తీయగా మిగిలిన చెత్త అది.

క్రోమియం-6 గాలి ద్వారా ఊపిరితిత్తులకు చేరితే క్యాన్సరు కలిగిస్తుందని చాలా కాలం క్రితమే రుజువయింది. నీటి ద్వారా కడుపులోకి పోయినపుడు జీర్ణాశయంలోని ఆమ్లం కొంత భాగాన్ని మొదటి రకంగా మార్చివేస్తుంది. కాని అంతా మారదు. 2008లో అమెరికా ప్రభుత్వ జాతీయ విషపరీక్షా కార్యక్రమం వారు ఎలుకలకు రెండేళ్ళపాటు ఈ నీరు త్రాగించి చూస్తే, పెద్ద ఎలుకలకు నోటిలోను, చిట్టెలుకలకు చిన్న ప్రేగులలోను గడ్డలు వచ్చాయి. ఎక్కువ మోతాదులో పోతే కడుపు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చర్మానికి తరచు తగిలితే దురద, పుండ్లు వస్తాయి.

మన రాష్ట్రానికి విషపు నీరు కొత్త కాదు. 1937లోనే ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఫ్లోరైడు వ్యాధిని గుర్తించారు. నల్లగొండ గోస దేశమంతటికీ తెలుసు. అయితే ఫ్లోరైడు పండ్ల మీద గార రూపంలో ముందుగానే కనిపిస్తుంది. పిల్లల నోరు చూసి ఊరి నీరు చెప్పవచ్చు. క్రోమియం అలా గుర్తు పెట్టదు. నీరు పసుపు రంగుకు తిరిగి కంటికి కనిపించే సమయానికి హద్దు ఎన్నో రెట్లు దాటిపోయి వుంటుంది. రుచి చెప్పదు, వాసన చెప్పదు. పరీక్ష ఒక్కటే చెబుతుంది.

హద్దు ఎంత?

భారత ప్రమాణాల సంస్థ త్రాగునీటికి నిర్ణయించిన 10500 నంబరు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాములు దాటరాదు. కొన్ని అంశాలకు వేరే నీరు దొరకనపుడు కొంత సడలింపు వుంటుంది. క్రోమియానికి ఆ సడలింపు కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకె కూడా ఇదే.

ఈ అంకెను రైతు లెక్కలో చెప్పుకుంటే, ఒక్క గ్రాము క్రోమియం 20,000 లీటర్ల నీటిని హద్దుకు చేరుస్తుంది. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. 40,000 లీటర్ల ఊరి ట్యాంకుకు రెండు గ్రాములు చాలు. ఇంత కొద్దిపాటి పదార్థం ఊరందరి నీటిని చెడగొట్టగలదన్నమాట.

మన ప్రమాణం రెండు రకాలను కలిపి లెక్కిస్తుంది. క్రోమియం-6కు వేరుగా హద్దు లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో దానికి వేరుగా లీటరుకు 0.01 మిల్లీగ్రాము అని హద్దు పెట్టింది. ఆ రాష్ట్రానికి ఈ విషయంలో చేదు అనుభవం వుంది. అక్కడి హింక్లీ అనే పల్లె వద్ద ఒక గ్యాసు కంపెనీ 1952 నుండి 1966 వరకు క్రోమియం-6 కలిసిన నీటిని గుంటలలోకి వదిలింది. ఊరివారు దావా వేయగా, 1996లో కంపెనీ 33 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది. విషం వదలడం ఆగిన 30 ఏళ్ళకు దక్కిన పరిహారం అది.

పరీక్ష ఎక్కడ, ఎలా?

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి ఊరిలో ఐదుగురికి, ముఖ్యంగా స్త్రీలకు, నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చి పెట్టెలు ఇవ్వాలని నిర్ణయించారు. నీటి ఆధారాలను రసాయనాల కోసం ఏడాదికి ఒకసారి, సూక్ష్మజీవుల కోసం రెండుసార్లు పరీక్షించాలి. ఇది మంచి ఏర్పాటే. ఒకనాడు నీటి పరీక్ష అన్న మాట పల్లెలలో వినిపించేదే కాదు. అయితే ఊరి పెట్టెతో సామాన్యంగా చూసేవి ఆమ్ల-క్షార గుణం, కఠినత్వం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, మిగులు క్లోరిన్, సూక్ష్మజీవులు వంటివి. క్రోమియం వంటి లోహాలకు ప్రయోగశాల కావాలి. మొత్తం క్రోమియం కనుక్కోవడానికి ఖరీదైన యంత్రాలున్నాయి. క్రోమియం-6కు డైఫినైల్ కార్బజైడ్ అనే మందు కలిపితే నీరు ఎర్రని ఊదా రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే విషం అంత ఎక్కువ.

నమూనా పట్టడంలో పొరపాటు జరిగితే ఎంత పెద్ద యంత్రమైనా తప్పు చెబుతుంది. కనుక ఊరివారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. ట్యాంకు నుండి కాక బోరు నుండే నీరు పట్టాలి. మోటారు కొంతసేపు నడిచి, గొట్టంలో నిలవ వున్న నీరు పోయాక పట్టాలి. స్టీలు బిందెలో పట్టి పోయరాదు. స్టీలులోనే క్రోమియం వుంటుంది. ప్రయోగశాల వారు ఇచ్చిన శుభ్రమైన ప్లాస్టిక్ సీసా వాడాలి. మొత్తం క్రోమియం చూసే సీసాలో నైట్రిక్ ఆమ్లం వేస్తారు. క్రోమియం-6 చూసే సీసాలో ఆమ్లం వేయకూడదు. దానిని మంచు పెట్టెలో పెట్టి 24 గంటలలోగా చేర్చడం మేలు. రెండు పరీక్షలు కావాలంటే రెండు సీసాలు అవసరం. ఒకే సీసా పంపి రెండూ చూడమంటే కుదరదు.

ఒక్కసారి పరీక్ష చేసి ఊరుకుంటే కూడా సరిపోదు. ఎండాకాలంలో బాగున్న బోరు, వానలకు గుట్ట కడిగిన నీరు దిగాక చెడవచ్చు. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి చూడాలి. రాతి పగుళ్ళ నేల కనుక ఒక్క బోరు చూసి ఊరంతటికీ తీర్పు చెప్పరాదు.

మరగబెడితే పోతుందా?

పోదు. సూక్ష్మజీవులు చస్తాయి గాని లోహం చావదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో అది మరింత చిక్కబడుతుంది. పటిక వేసి తేర్చినా, బ్లీచింగ్ పౌడరు కలిపినా, గుడ్డతో వడపోసినా క్రోమియం-6 పోదు. సక్రమంగా నడిచే ఆర్.ఓ. యంత్రం చాలా వరకు తీసివేస్తుంది. అయితే అందులోని పొర పాతబడితే ఆ భరోసా వుండదు. పైగా యంత్రం విడిచిన వ్యర్థ జలంలో ఆ విషం మరింత చిక్కగా వుంటుంది. దానిని ప్రక్క గుంటలోకే వదిలితే తిరిగి అదే బోరుకు చేరుతుంది. డబ్బా నీరు కొనుక్కోగలవారు కొనుక్కుంటారు. కూలికి పోయేవారు, పశువులు బోరు నీటినే నమ్ముకోవాలి.

తీర్పు వచ్చినా తీరని గోడు

పాలారు ఒడ్డు రైతులు ఊరుకోలేదు. 1991లో వేలూరు పౌరుల సంక్షేమ సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 ఆగస్టు 28న కోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలని, హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందుగానే జాగ్రత్త పడాలని, ఈ రెండు సూత్రాలూ దేశపు చట్టంలో భాగమేనని చెప్పింది. ఒక్కొక్క తోళ్ళ కర్మాగారానికి 10,000 రూపాయల జరిమానా విధించింది. ఆ ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో, కొంతగానో పాడయిందని వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు చేసిన సర్వేను తీర్పులో ఉదహరించింది.

తీర్పు ననుసరించి ఏర్పడిన సంస్థ 2001లో 29 వేల మందికి పైగా బాధితులకు 26 కోట్ల 82 లక్షల రూపాయలు ఇవ్వాలని తేల్చింది. భాగిస్తే తలకు సగటున పదివేల రూపాయల లోపే! అదీ అందరికీ చేరలేదు. చివరకు 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్ళీ కలుగజేసుకుని, బాకీ పడిన పరిహారాన్ని ప్రభుత్వమే ముందు చెల్లించి, తరువాత కాలుష్యకారుల నుండి రాబట్టాలని ఆదేశించవలసి వచ్చింది. 1991లో అర్జీ పెట్టిననాడు పుట్టిన బిడ్డకు ఆనాటికి 33 ఏళ్ళు దాటాయి.

2015 జనవరి 31న రాణిపేటలో తోళ్ళ కర్మాగారాల ఉమ్మడి మురుగు శుద్ధి కేంద్రంలో బురద ట్యాంకు గోడ కూలి, నిద్రిస్తున్న కార్మికులు పదిమంది ప్రాణాలు పోయాయి. తోలు ఎగుమతిలో వచ్చిన డాలర్ల లెక్కలో ఈ ప్రాణాల లెక్క లేదు.

నేల చెడ్డాక కోర్టుకు వెళ్ళి గెలిచినా చేతికి వచ్చేది ఇంతే. నేల చెడకముందు నీటిని పరీక్షించడానికి అయ్యే ఖర్చు దీనితో పోలిస్తే లెక్కలోనిది కాదు.

ఊళ్ళు చేయవలసినది

సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు నీటి పరీక్ష చీటీని గ్రామసభలో పైకి చదివి వినిపించాలి. యోగ్యము అన్న ఒక్క మాట కాక, ఏ అంశం చూశారు, ఎంత వచ్చింది, హద్దు ఎంత అన్న మూడూ చెప్పాలి. దగ్గరలో తోళ్ళ కర్మాగారం, లోహాలకు పూత పూసే దుకాణం, రసాయన పరిశ్రమ, చెత్త పారబోసిన స్థలం వున్న ఊళ్ళు క్రోమియం పరీక్ష కావాలని తీర్మానం చేసి గ్రామీణ నీటి సరఫరా శాఖకు పంపాలి. జిల్లా ప్రయోగశాలలో ఆ వసతి లేకపోతే పై ప్రయోగశాలకు పంపమని ఆ తీర్మానంలోనే వ్రాయాలి. జవాబు రాకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం వుండనే వుంది. గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10 రూపాయలు.

ప్రమాదకర వ్యర్థాలు తీసుకుపోయే లారీలో సరుకు ఏమిటి, ఎక్కడి నుండి ఎక్కడికి అని చెప్పే పత్రం తప్పనిసరిగా వుండాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. రాత్రివేళ సరిహద్దు దాటే లారీలను ఆపి ఆ పత్రం అడిగే బాధ్యత పోలీసులది, రవాణా శాఖది, కాలుష్య నియంత్రణ మండలిది. ముగ్గురి బాధ్యత ఎవరి బాధ్యతా కాకుండా పోకూడదు. ఊరివారు కూడా పొట్టును తగులబెట్టక, బండి నంబరు వ్రాసుకుని ఫిర్యాదు చేయడం మంచిది.

మొదట చెప్పిన ఊరివారు గ్రామసభలో తీర్మానం చేసి రెండు సీసాల నీరు పంపారు. ఈ వార్త వ్రాసే సమయానికి జవాబు రాలేదు. నీరు బాగుందనే వస్తుందని అందరితో పాటు ఈ విలేఖరీ కోరుకుంటున్నాడు. అలా వచ్చినా ఆ పరీక్ష వృథా అయినట్లు కాదు. ఊరి నీటిలో క్రోమియం ఎంత వున్నదో తెలిసిన అంకె ఒకటి పంచాయతీ పుస్తకంలో వుంటుంది. రేపు ఏ లారీ వచ్చి ఏమి పారబోసినా, అంతకు ముందు మా నీరు ఇలా వుండేదని చూపడానికి అదే సాక్ష్యం. పాలారు ఒడ్డు రైతుల బావులకు అటువంటి పాత లెక్క వుండి వుంటే వారి వాదనకు ఎంతో బలం చేకూరేది.

అధికారులు జవాబును త్వరగా పంపుతారని, సరిహద్దు మండలాలలోని బోర్లన్నిటికీ ఈ పరీక్షను వర్తింపజేస్తారని ప్రజలు ఎదురుచూస్తున్నారు. బిందెలు మాత్రం రోజూ ఆ కుళాయి దగ్గరే నిండుతున్నాయి.